క్రొయేషియన్‌లో క్రియానామాలు: తెలుగువాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ముందుగా లిపి గురించి ఒక మాట. ఇక్కడ క్రొయేషియన్ మాటలన్నీ తెలుగు అక్షరాల్లోనే రాశాను. త, ద పలకడానికి మనకు ఇబ్బంది లేదు, అవి దాదాపు మనవే. ఇబ్బందంతా చ, జ దగ్గరే. నేను చ అని రాసిన చోట వాళ్లకు రెండు అక్షరాలున్నాయి: ఒకటి గట్టి చ, ఒకటి మెత్తని చ. జ అని రాసిన చోటయితే ఏకంగా నాలుగు. కాబట్టి ఇక్కడి మాటను నోట్‌బుక్‌లోకి ఎక్కించుకునేటప్పుడు డిక్షనరీలో ఒకసారి స్పెల్లింగ్ చూసుకోండి.

క్రియానామం అంటే ఏంటి? వాళ్లు దాన్ని ఏమంటారు?

చదవడం, రాయడం, వండటం, ఎదురుచూడటం. పనిని ఒక పేరులా మార్చి చెప్పే మాటలు. క్రొయేషియన్ వ్యాకరణంలో వీటిని 'గ్లాగొల్స్కా ఇమెనిత్సా' అంటారు. మనకు -డం/-టం ఎలాగో, వాళ్లకు -న్యె అలాగ. చితాతి (చదువు) నుంచి చితాన్యె, పిసాతి (రాయి) నుంచి పిసాన్యె, కుహాతి (వండు) నుంచి కుహాన్యె.

ఇక్కడిదాకా చూసి చాలామంది "ఓస్, ఇంతేనా" అనుకుంటారు. తయారీ నిజంగానే తేలిక. చిక్కు వాడకంలో ఉంది. మన -డం తెలుగులో ఏ క్రియకైనా అతుకుతుంది. వాళ్ల -న్యె అలా కాదు. కొన్ని క్రియలకు అసలు అతకదు, కొన్నిటికి అతికినా అర్థం మారిపోతుంది. అతికే చోట కూడా చాలాసార్లు వాళ్లు వాడరు.

తయారు చేసే పద్ధతి చెప్పండి.

డిక్షనరీలో క్రియ సాధారణంగా -తితో ముగుస్తుంది. -ఆతితో ముగిసే క్రియలైతే ఆ -తి తీసేసి -న్యె పెట్టండి, అయిపోయింది. స్పావాతి (నిద్రపో) స్పావాన్యె అవుతుంది. చెకాతి (ఎదురుచూడు) చెకాన్యె, ప్రాతి (కడుగు, ఉతుకు) ప్రాన్యె. మొదట ఈ గుంపుతోనే మొదలుపెట్టండి, రోజువారీ మాటల్లో సగం వీటిలోనే దొరుకుతాయి.

వ్యాకరణ పుస్తకాలు దీన్నే ఇంకోలా చెబుతాయి: కర్మణి విశేషణానికి (చితాన్, అంటే 'చదవబడిన') -యె చేరిస్తే క్రియానామం వస్తుందని. నిద్రపోవడం లాంటి అకర్మక క్రియలకు ఆ విశేషణం మామూలుగా వాడరు, అయినా క్రియానామం మాత్రం అదే మూసలోంచి వస్తుంది.

-ఇతి క్రియల్లో మధ్య అక్షరం ఎందుకు మారిపోతుంది?

ఇక్కడే అందరికీ టెన్షన్. ఉచితి (నేర్చుకో) నుంచి ఉచెన్యె, పుషితి (పొగతాగు) నుంచి పుషెన్యె మామూలుగానే వచ్చేస్తాయి. కానీ నొసితి (మోయి, ధరించు) నుంచి నొసెన్యె రాదు, నొషెన్యె వస్తుంది. స కాస్తా ష అయింది. వెనక ఒకప్పుడున్న 'య' ధ్వని ముందున్న హల్లును మెత్తబరిచిందన్నమాట.

ఇలా మారేవి కొన్నే. స ష అవుతుంది. త మెత్తని చ అవుతుంది. ద మెత్తని జ అవుతుంది: వొదితి (నడిపించు) నుంచి వొజెన్యె. న, ల మెత్తబడి న్య, ల్య అవుతాయి: హ్రానితి (తిండి పెట్టు) నుంచి హ్రాన్యెన్యె. ఇక పెదవులతో పలికే ప, బ, మ, వ వస్తే మధ్యలో ఒక ల్య దూరుతుంది: లొమితి (విరుచు) నుంచి లొమ్ల్యెన్యె, స్లావితి (పండగ చేసుకో) నుంచి స్లావ్ల్యెన్యె.

రెండు హల్లులు పక్కపక్కన ఉంటే రెండూ మారొచ్చు. చిస్తితి (శుభ్రం చెయ్యి) నుంచి చిష్చెన్యె. మిస్లితి (అనుకో) నుంచి మిష్ల్యెన్యె. కాస్నితి (ఆలస్యం అవు) నుంచి కాష్న్యెన్యె. ఈ చివరిది రైల్వే స్టేషన్లో కావలసినంత వినిపిస్తుంది.

-చితో, -స్తితో ముగిసే క్రియలు వేరే దారి. పెచి (కాల్చు, బేక్ చెయ్యి) నుంచి పెచెన్యె. ప్లెస్తి (అల్లు) నుంచి ప్లెతెన్యె, ఇందులో త మారలేదు. ఎగరడం లెతెన్యె, కూర్చోవడం స్యెదెన్యె. ఈ రెండింట్లో త, ద మారాలి కదా అని మన బుద్ధి లాగుతుంది, కానీ ప్రామాణిక భాషలో మారవు. అలాంటివి ఎదురైనప్పుడు మాటగానే గుర్తుపెట్టుకోవడం మేలు, కారణం వెతుక్కుంటూ కూర్చుంటే పని సాగదు.

పిచె, ఒత్క్రిచె లాంటి వాటిలో -న్యె లేదేం?

కర్మణి విశేషణం న్‌తో కాకుండా త్‌తో ముగిసే క్రియలు కొన్నున్నాయి. వాటిలో ఆ త, వెనక వచ్చే యె కలిసి మెత్తని -చె అవుతాయి. తొనుతి (మునుగు) నుంచి తొనుచె, దొస్తిగ్నుతి (అందుకో, సాధించు) నుంచి దొస్తిగ్నుచె, ఒత్క్రితి (కనిపెట్టు) నుంచి ఒత్క్రిచె. ఈ గుంపు చిన్నది, పైగా తొనుచె లాంటి కొన్నిటిని వదిలేస్తే మిగతావి 'పని' అర్థం వదిలేసి వస్తువులుగా స్థిరపడ్డాయి. పితి అంటే తాగు, కానీ పిచె అంటే తాగే పానీయం. పొదుజెతి అంటే పూనుకో, పొదుజెచె అంటే కంపెనీ. పూనుకున్న పని కాస్తా వ్యాపార సంస్థ అయి కూర్చుంది.

ఒకే క్రియకు రెండు క్రియానామాలు కనిపిస్తున్నాయి. ఏది వాడాలి?

ఈ పేజీలో ఒక్క జవాబే చదివే ఓపిక ఉంటే ఇదే చదవండి.

క్రొయేషియన్ క్రియలు జంటలుగా ఉంటాయి. ఒకటి పని సాగుతూ ఉన్నట్టు చెబుతుంది, దాన్ని నెస్వ్ర్షెని అంటారు. ఇంకోటి పని ముగిసినట్టు చెబుతుంది, అది స్వ్ర్షెని. మనకు చదవడానికి, చదివేయడానికి ఉన్న తేడా లాంటిదే, కాకపోతే వాళ్లకు ప్రతి వాక్యంలోనూ ఏదో ఒకటి ఎంచుకోక తప్పదు.

-న్యె సాగే క్రియలకే స్వేచ్ఛగా అతుకుతుంది. ముగిసే క్రియలకు మామూలుగా అతకదు. పిసాన్యె ఉంది, నాపిసాతి (రాసేయి) నుంచి నాపిసాన్యె అని ఎవరూ అనరు. చితాన్యె ఉంది, ప్రొచితాతి నుంచి ప్రొచితాన్యె లేదు. మనకు చదివేయడం, రాసేయడం అలవాటు కాబట్టి ఈ తప్పు మన నోట్లోంచి సులువుగా జారుతుంది.

కానీ కొన్ని ముగిసే క్రియలకు క్రియానామం ఉంది. ఉన్నప్పుడు అది ఎక్కువగా పనిని చెప్పదు, పని చివర మిగిలినదాన్ని చెబుతుంది. రియెషితి (పరిష్కరించేయి) నుంచి ర్యెషెన్యె: పరిష్కారం. ర్యెషావాతి (పరిష్కరిస్తూ ఉండు) నుంచి ర్యెషావాన్యె: పరిష్కరించడం. ఒబ్యాష్న్యెన్యె అంటే వివరణ, ఒబ్యాష్న్యావాన్యె అంటే వివరిస్తూ ఉండటం. ఇజ్దాన్యె అంటే పుస్తకం ముద్రణ, అంటే ఎడిషన్. ఇజ్దావాన్యె అంటే ప్రచురించడం లేదా జారీ చేయడం. ఒత్క్రిచె ఒక ఆవిష్కరణ, ఒత్క్రివాన్యె కనిపెట్టే ప్రక్రియ.

ఈ తేడా అక్కడ ఉద్యోగం చేసేవాళ్లకు చాలా దగ్గరి విషయం. క్రొయేషియాలో నివాస అనుమతులు చూసేది అంతర్గత వ్యవహారాల శాఖ. పాలనా భాషలో ర్యెషెన్యె అంటే ఉత్త 'పరిష్కారం' కాదు, సంతకం, ముద్ర పడి మీ చేతికొచ్చే అధికారిక నిర్ణయ పత్రం. మీ దరఖాస్తు ఇంకా పరిశీలనలో ఉంటే దాన్ని ర్యెషావాన్యె జాహ్త్యెవా అంటారు, అంటే దరఖాస్తు పరిష్కరించే పని. "చెకామ్ ర్యెషెన్యె" అంటే నిర్ణయ పత్రం కోసం చూస్తున్నాను. అక్కడ ర్యెషావాన్యె అంటే, పని ఎప్పుడు మొదలుపెడతారా అని చూస్తున్నట్టు వినిపిస్తుంది. కౌంటర్ దగ్గర ఆ ఒక్క అక్షర గుంపే తేడా.

సాగే క్రియ నుంచి వచ్చినా పితాన్యె అంటే 'అడగడం' కాదట, నిజమేనా?

నిజమే. పితాన్యె అంటే ముందు ప్రశ్న, ఆ తర్వాతే అడగడం. ఇమాన్యె (ఇమాతి, కలిగి ఉండు) అంటే ఆస్తి, భూములు. జ్నాన్యె అంటే జ్ఞానం. జనిమాన్యె ఫారాల్లో వృత్తి అనే గడిలో కనిపిస్తుంది. పైన చెప్పిన పెచెన్యె వంటింట్లో కాల్చడమే, హోటల్ మెనూలో మాత్రం కాల్చిన మాంసం. మనకు వంట అంటే వండే పనీ వండిన పదార్థమూ అయినట్టే, పేచీ ఏమీ లేదు.

'పుస్తకం చదవడం' ఎలా అనాలి? పుస్తకానికి ఏ విభక్తి?

షష్ఠి. ఇది మనకు వింతగా ఉంటుంది. తెలుగులో పుస్తకాన్ని చదివాను, పుస్తకాన్ని చదవడం. రెండు చోట్లా కర్మ మారదు. క్రొయేషియన్‌లో చితాతి క్న్యిగు (ద్వితీయ) కాస్తా చితాన్యె క్న్యిగె (షష్ఠి) అవుతుంది. చదవడం ఇప్పుడు పేరు అయింది కాబట్టి 'పుస్తకం యొక్క చదువు' అన్న లెక్క.

గోడల మీద బోర్డులు చూస్తే ఇది ఊరికే వచ్చేస్తుంది. జబ్రాన్యెనొ లియెప్ల్యెన్యె ప్లకాతా: పోస్టర్లు అంటించరాదు. జబ్రాన్యెనొ ఒద్లగాన్యె స్మెచా: చెత్త వేయరాదు. జబ్రాన్యెనొ హ్రాన్యెన్యె జివొతిన్యా: జంతువులకు తిండి పెట్టరాదు. మూడింట్లోనూ చివరి మాట షష్ఠిలో ఉంది. మనీ లాండరింగ్‌ను చట్టంలో ప్రాన్యె నొవ్త్సా అంటారు, అక్షరాలా డబ్బును ఉతకడమే.

ద్వితీయ కాని విభక్తి కోరే క్రియలు మాత్రం తమ విభక్తిని వదులుకోవు. ఉప్రావ్ల్యాతి (నడుపు) తృతీయ కోరుతుంది, అందుకే ఉప్రావ్ల్యాన్యె వొజిలొమ్ (వాహనం నడపడం). పొమాగాతి (సాయం చెయ్యి) చతుర్థి కోరుతుంది, అందుకే పొమాగాన్యె సుస్యెదిమా (పక్కింటివాళ్లకు సాయపడటం).

'నువ్వు రావడం', 'అమ్మ వండటం' లాంటివి?

కర్తను అలాగే నిలబెట్టడం కుదరదు. దాన్ని 'నీ', 'అమ్మ యొక్క' అనే విశేషణంగా మార్చాలి: త్వొయ్ దొలజాక్ (నీ రాక), మాయ్చినొ కుహాన్యె (అమ్మ వంట). షష్ఠి పెడితే ఒక్కోసారి తిరకాసు వస్తుంది. చెకాన్యె మాయ్కె అంటే అమ్మ కోసం ఎదురుచూడటం అనే వింటారు. అమ్మే ఎదురుచూస్తోందని చెప్పాలంటే మాయ్చినొ చెకాన్యె.

నా సలహా: కర్త, కర్మ రెండూ ఉన్న పొడుగు విషయమైతే క్రియానామం జోలికే పోకండి. "నువ్వు రావడం సంతోషం" అని మనం అనే చోట వాళ్లు "ద్రాగొ మి యె ష్తొ సి దొషావొ" అంటారు, అంటే 'నువ్వు వచ్చావు కదా, అది నాకు సంతోషం' అని పూర్తి క్రియతోనే. ఆడవాళ్లతో అయితే దొష్లా. "పుస్తకం చదివేశాక" అనడానికి కూడా ఇదే మందు: నాకొన్ ష్తొ సామ్ ప్రొచితావొ క్న్యిగు.

'సె' ఉన్న క్రియల సంగతి?

సె అంటే కొన్ని క్రియల పక్కన వచ్చే, 'తనను తాను' లాంటి అర్థమిచ్చే చిన్న మాట. క్రియానామంలో అది పడిపోతుంది. కుపాతి సె (స్నానం చెయ్యి, నీళ్లలో ఈతాడు) నుంచి కుపాన్యె, పొనాషాతి సె (ప్రవర్తించు) నుంచి పొనాషాన్యె. దీనివల్ల అప్పుడప్పుడు రెండు అర్థాలు కలిసిపోతాయి. వ్రాచాన్యె అంటే ఏదైనా తిరిగి ఇవ్వడమూ కావచ్చు, తిరిగి రావడమూ కావచ్చు. అందుకే మనిషి తిరిగి రావడానికి పొవ్రాతాక్ అనే వేరే మాట ఎక్కువ వాడతారు.

'వేగంగా చదవడం'లో 'వేగంగా' ఏమవుతుంది?

విశేషణం అయి, నపుంసక లింగంలో క్రియానామంతో పాటే నడుస్తుంది. మొదటి విభక్తిలో ఉన్నంతసేపూ తెలియదు, ఎందుకంటే 'వేగంగా', 'వేగమైన' రెండూ అక్కడ బ్ర్జొ అనే ఉంటాయి. విభక్తి మారగానే బయటపడుతుంది. రెదొవితొ వ్యెజ్బాన్యె అంటే క్రమం తప్పకుండా వ్యాయామం చేయడం. 'చేయడం వల్ల' అనాలంటే జ్బొగ్ రెదొవితొగ్ వ్యెజ్బాన్యా. రెదొవితొ కూడా మారింది చూడండి. బాగా మాట్లాడేవాళ్లు కూడా ఇక్కడ జారుతుంటారు.

విభక్తులు తేలికే: చితాన్యె, షష్ఠి చితాన్యా, చతుర్థి సప్తమి చితాన్యు, తృతీయ చితాన్యెమ్. అన్నిటికీ ఇదే వరస, -చె మాటలకు కూడా.

'నాకు చదవడం ఇష్టం' అంటే వొలిమ్ చితాన్యె అనొచ్చా?

తప్పని కాదు, కానీ మనిషి నోట వచ్చే మాట వొలిమ్ చితాతి. ఇష్టపడటం, మొదలుపెట్టడం, మానేయడం, నేర్చుకోవడం లాంటి క్రియల తర్వాత క్రొయేషియన్లు -తి రూపాన్నే వాడతారు. ఉచిమ్ ప్లివాతి (ఈత నేర్చుకుంటున్నా), ప్రెస్తావొ సామ్ పుషితి (సిగరెట్లు మానేశా), పొచెవొ సామ్ రాదితి (పనిలో చేరా). తెలుగులో -డం కనిపించిన ప్రతిచోటా -న్యె పెడితే, మీరు ఆఫీసు నోటీసు చదువుతున్నట్టు ఉంటుంది.

మరి -న్యె తప్పనిసరిగా ఎక్కడ కావాలి?

విభక్తి ప్రత్యయాల్లాంటి చిన్న మాటలు ముందు వచ్చినప్పుడు. బెజ్ రజ్మిష్ల్యాన్యా: ఆలోచించకుండా. ప్రియె స్పావాన్యా: పడుకునే ముందు. ఉమొరాన్ ఒద్ చెకాన్యా: ఎదురుచూసి చూసి అలసిపోయి. స్రెద్స్త్వొ జా చిష్చెన్యె: శుభ్రం చేసే మందు. పాపిర్ జా పెచెన్యె: బేకింగ్ పేపరు. మన '-కుండా', '-ముందు', '-డానికి' ఉన్న చోట చాలావరకు ఇవి సరిపోతాయి. ఆసుపత్రుల్లో లిస్తా చెకాన్యా (వెయిటింగ్ లిస్టు), మరమ్మతు జరిగే చోట హ్వాలా నా రజుమియెవాన్యు (అర్థం చేసుకున్నందుకు ధన్యవాదాలు) రోజూ కళ్లబడతాయి.

రోజూ అనే వీడ్కోలు మాట దొవిజెన్యా కూడా ఇదే. దొ అంటే 'వరకు', విజెన్యా అనేది విజెన్యె (చూడటం) మాటకు షష్ఠి. మళ్లీ చూసుకునే వరకు అని.

వీధిలో "నెష్తొ జా యెస్తి" (తినడానికేమైనా) అని జా తర్వాత -తి రూపం వాడటం చాలా వింటారు. భాషా సలహాదారులు దాన్ని ఒప్పుకోరు, నెష్తొ జా యెలొ అనమంటారు. మాట్లాడేటప్పుడు ఎవరూ పట్టించుకోరు, పరీక్షలో మాత్రం రాయకండి.

ఆఫీసు కాగితాల్లో ఇన్ని -న్యెలు ఎందుకు?

మన ప్రభుత్వ ఉత్తర్వుల్లో 'చెల్లింపు జరుపవలెను' అని ఎందుకు రాస్తారో అందుకే. 'ప్లాతితి' (చెల్లించు) అని ఒక్క మాటతో పోయేదాన్ని 'ఇజ్వ్ర్షితి ప్లాచాన్యె' (చెల్లింపును నిర్వహించు) అని సాగదీస్తారు. అక్కడి శైలి పుస్తకాలూ దీన్ని విసుక్కుంటాయి. చదివి అర్థం చేసుకోవడానికి నేర్చుకోండి, మీ ఈమెయిల్‌లో మాత్రం మామూలు క్రియ వాడండి.

ఫారాలు నింపేటప్పుడు కావలసినవి కొన్నే: దాతుమ్ రొజెన్యా (పుట్టిన తేదీ), మ్యెస్తొ రొజెన్యా (పుట్టిన ఊరు), జ్ద్రావ్‌స్త్వెనొ ఒసిగురాన్యె (ఆరోగ్య బీమా). పౌరసత్వానికి చట్టం పెట్టే షరతుల్లో క్రొయేషియన్ భాష, లాటిన్ లిపి తెలిసి ఉండటం ఒకటి. ఆ 'భాష తెలిసి ఉండటం' కూడా క్రియానామమే: పొజ్నావాన్యె హ్ర్వాత్స్కొగ్ యెజికా.

-న్యె లేని మాటలు కూడా చాలా ఉన్నాయి కదా?

ఉన్నాయి, కొన్నిచోట్ల అవే ఎక్కువ చలామణిలో ఉన్నాయి. తెలుగులో రావడం ఉండగా రాక ఉంది, నడవడం ఉండగా నడక, అమ్మడం ఉండగా అమ్మకం, కొనడం ఉండగా కొనుగోలు. అక్కడా అంతే. దొలజాక్ (రాక), ఒద్లజాక్ (పోక), ప్రొదాయా (అమ్మకం), కుప్న్యా (కొనుగోలు), వొజ్న్యా (బండి మీద వెళ్లడం), షెత్న్యా (షికారు), బొర్బా (పోరాటం), బెర్బా (ద్రాక్ష లాంటి పంటల కోత). కుపితి (కొనేయి) నుంచి 'కొనడం' అనే అర్థంలో -న్యె రూపం వాడరు, కుప్న్యా ఆ ఖాళీ నింపుతుంది. సాగే క్రియ నుంచి కుపొవాన్యె ఉంది, షాపుల వెంట తిరుగుతూ కొనడాన్ని చెప్పడానికి. 'వెళ్లు' అనే ఇచి క్రియకైతే వాడుకలో -న్యె రూపమే లేదు. వీటికి సూత్రం లేదు. క్రియ నేర్చుకునేటప్పుడే పక్కన రాసి పెట్టుకోవాలి.

బహువచనం ఉంటుందా?

పనిని చెబితే ఉండదు, వస్తువుగా మారితే ఉంటుంది. నిద్రపోవడాలు అని మనమూ అనం. కానీ ర్యెషెన్యా (నిర్ణయాలు), పుతొవాన్యా (ప్రయాణాలు) ఉన్నాయి. మీరు చదువుతున్న ఇలాంటి పేజీని క్రొయేషియన్‌లో 'చెస్తొ పొస్తావ్ల్యానా పితాన్యా' అంటారు, ఇందులో చివరి మాట పితాన్యెకి బహువచనం.

చేయకపోవడం, రాకపోవడం?

ముందు నె- అతికించండి, విడిగా రాయకండి. నెప్లాచాన్యె (కట్టకపోవడం), నెదొలజాక్ (రాకపోవడం). చట్టం తెలియదంటే చెల్లదని చెప్పే పాత సామెత ఒకటుంది: నెపొజ్నావాన్యె ప్రావా ష్కొది. జరిమానా పడ్డ రోజున ఎవరో ఒకరు మీకు ఇది వినిపిస్తారు.

పాటలు వింటూ వంట చేశాను. ఆ 'వింటూ'కి కూడా -న్యెనా?

కాదు. దానికి వేరే రూపం ఉంది, -చితో ముగుస్తుంది: స్లుషాయుచి గ్లాజ్బు (సంగీతం వింటూ). ఇక్కడ కర్మ మళ్లీ ద్వితీయలోనే ఉంటుంది, గమనించండి.

సెర్బియన్, బోస్నియన్ మాట్లాడేవాళ్లతో పనిచేస్తున్నాను. తేడా ఉందా?

తయారీలో దాదాపు లేదు. సెర్బియాలో ఎక్కువమంది ర్యెషెన్యెను రెషెన్యె అంటారు, పొదుజెచెను ప్రెదుజెచె అంటారు. పెద్ద తేడా పైన చెప్పిన వొలిమ్ చితాతి దగ్గర: సెర్బియన్లు చాలాసార్లు వొలిమ్ దా చితామ్ అని 'దా' పెట్టి చెబుతారు.

ఇంగ్లిష్ నుంచి వచ్చిన క్రియలకూ ఇది అతుకుతుందా?

ఇబ్బంది లేకుండా. పర్కిరాతి నుంచి పర్కిరాన్యె, గూగుల్‌లో వెతకడం గుగ్లాన్యె, లైక్ కొట్టడం లాయ్కాన్యె. కొత్త క్రియ -ఆతితో తయారైతే చాలు, క్రియానామం దానంతట అదే వస్తుంది, హల్లు మార్పుల బాధ కూడా ఉండదు. మాట తెలియక తడబడితే మీ కుర్ర సహోద్యోగుల్లాగే ఇంగ్లిష్ క్రియకు -ఆన్యె తగిలించి చూడండి. నవ్వొచ్చు, కానీ అర్థమవుతుంది.